పేరు లేని కరపత్రం: ఓరుగల్లు పత్తి చేలలో ఒక విత్తన ప్రచారం (కేస్ స్టడీ)

పత్తి విత్తనాల వ్యాపారంలో ధర మీద పోటీ దాదాపు లేదు. 2015లో పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు వచ్చాక ప్రతి ఏడాదీ కేంద్రమే గరిష్ఠ ధర ప్రకటిస్తోంది. 2025 ఖరీఫ్‌కు బీజీ-2 (పురుగును తట్టుకునే జన్యువులు పెట్టిన బీటీ పత్తి) ప్యాకెట్ 901 రూపాయలు. ఏ కంపెనీ ప్యాకెట్ తీసుకున్నా 475 గ్రాములే, మీద రేటు కూడా ఇంచుమించు అదే. కాయతొలుచు పురుగును ఆపడానికి లోపల పెట్టిన జన్యువులు కూడా అందరివీ ఒకటే. తేడా అంతా హైబ్రిడ్‌లో (సంకర రకంలో) ఉంటుంది: కాయ ఎంత లావు, పంట ఎన్ని నెలలు, పచ్చదోమను ఎంత తట్టుకుంటుంది, నల్లరేగడికి పనికొస్తుందా, చెల్క భూమికా (తేలికపాటి ఎర్ర నేలకా). ఆ తేడా రైతుకు తెలిసేది విత్తిన ఐదారు నెలలకు. కొనాల్సింది మాత్రం రోహిణి కార్తె నుంచి మృగశిర దాకా ఉన్న కొద్ది రోజుల్లోనే. ఆ రోజుల్లో ఏ పేరు చెవిన పడింది, ఎవరి నోటి నుంచి పడింది అన్నదాని మీదే అమ్మకం నిలబడుతుంది.

నేను హన్మకొండలో పబ్లిసిటీ పని చేస్తాను. గోడ రాతలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఆటో మైకులు, లోకల్ కేబుల్‌లో స్క్రోలింగ్, ఈ మధ్య వాట్సాప్ వీడియోలు. విత్తన కంపెనీలు, ఇంటర్ కాలేజీలు, బంగారం షాపులు, ఎన్నికలొస్తే పార్టీలు, అప్పుడప్పుడు ప్రభుత్వ శాఖలు మాకు పని ఇస్తాయి. ప్రకటన ఎక్కడ ఆగుతుంది, ప్రాపగాండా ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్న మాకు కొటేషన్ రాసే టేబుల్ మీద ఎదురవుతుంది. ఎక్కువసార్లు తొందరలో దాన్ని చూడకుండానే దాటిపోతాం. ఈ కేసులో ఒకే క్లయింటు, ఒకే వారంలో, ఒకే విత్తనం కోసం రెండు రకాల పనులూ పక్కపక్కన పెట్టాడు. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. కంపెనీ పేరు, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు తీసేశాను.

వచ్చిన పని

కంపెనీ మరీ పెద్దది కాదు, చిన్నదీ కాదు. వాళ్ల హైబ్రిడ్ ఒకటి పరకాల, నర్సంపేట వైపు కొన్నేళ్లుగా బాగానే పోతోంది. అంతకు ముందు సీజన్‌లో ఇంకో కంపెనీ కొత్త రకం అటు వచ్చి, కాయ లావుగా ఉంటుందన్న పేరు తెచ్చుకుంది. పాతవాళ్లకు టెన్షన్ పట్టుకుంది. ఏప్రిల్‌లో జిల్లా డిస్ట్రిబ్యూటర్, కంపెనీ మార్కెటింగ్ ఆఫీసర్ ఇద్దరూ మా ఆఫీసుకు వచ్చారు.

మొదటి పని మామూలుదే. ఊరి మొదట్లో గోడ రాతలు, డీలర్ల షాపుల ముందు ఫ్లెక్సీలు, అంగడి రోజున ఆటో మైకు, కిందటేడు చేను ఫొటోలతో రంగుల కరపత్రం. అన్నిటి మీదా కంపెనీ పేరు, లోగో, హైబ్రిడ్ పేరు, ఫోన్ నంబరు.

రెండో పని వేరే కవర్లో పెట్టుకొచ్చారు. అదీ కరపత్రమే, కానీ ఆకుపచ్చ కాగితం మీద ఒకే రంగు సిరా. పైన 'రైతన్నా జాగ్రత్త' అన్న హెడ్డింగు, గుండ్రటి ముద్రలో నాగలి బొమ్మ, కింద 'మీ శ్రేయోభిలాషులు'. కంపెనీ పేరు లేదు, ఫోన్ నంబరు లేదు, ప్రెస్ పేరు కూడా వేయొద్దన్నారు. లోపల రాసినది దాదాపు ఇంతే: మార్కెట్లో నకిలీ విత్తనాలు తిరుగుతున్నాయి. కొత్త కొత్త పేర్లతో వచ్చే ప్యాకెట్లను చూసి మోసపోవద్దు. మీ ఊళ్లో ఏళ్లుగా పండుతున్న రకాన్నే నమ్ముకోండి. ఒక్కసారి తప్పు విత్తనం పడితే ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. పక్కనే ఎండిపోయిన చేను ఫొటో.

దీనికి తోడు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు. స్క్రిప్టు వాళ్లే రాసుకొచ్చారు: 'అన్నలారా, నేను ఫలాన ఊరి రైతును. పోయినేడు కొత్త రకం పెట్టి నిండ మునిగిన. ఈసారి మా ఊరంత పాతదే పెడుతున్నం.' ఊరి పేరు మార్చి మార్చి స్టూడియోలో ఒకరిద్దరితో చెప్పించి, గ్రామాల గ్రూపుల్లోకి వదలాలి.

వాయిస్ మెసేజ్‌ల సంగతి తేల్చడానికి ఎక్కువ సేపు పట్టలేదు. లేని రైతు, మునగని చేను. అది అబద్ధం, చేయమని అక్కడే చెప్పేశాం. ఇబ్బంది పెట్టింది ఆకుపచ్చ కాగితం. దానిలో ఏ వాక్యాన్ని విడిగా పట్టుకున్నా తప్పు లేదు. నకిలీ విత్తనాలు నిజంగానే తిరుగుతున్నాయి, ప్రతి ఏడాదీ మే, జూన్‌లలో మన జిల్లాల్లో పోలీసులు, వ్యవసాయ శాఖ దాడులు చేసి పట్టుకుంటూనే ఉన్నారు. తెలియని పేరు కొనే ముందు ఆలోచించమనడం మంచి మాటే. తప్పు విత్తనం పడితే ఏడాది పోతుందన్నది రైతుకు మనం చెప్పాల్సిన సంగతే కాదు. మరి ఇందులో అభ్యంతరం ఎక్కడుంది?

ఈ నేల మీద ఈ మాటలకున్న బరువు

దానికి ముందు ఇక్కడి చరిత్ర కొంచెం చెప్పాలి. 1997-98లో లద్దె పురుగు విజృంభించి, పని చేయని మందులు, అప్పులు అన్నీ కలిసి ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఎందరో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది. మొదట వచ్చిన మూడు హైబ్రిడ్లు మన దగ్గర ఆశించినట్టు పండలేదని పెద్ద గొడవైంది, 2005లో వాటికి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగించలేదు. ఆ మూడేళ్లూ ఒకవైపు కంపెనీల సభలు, వీడియోలు, ఇంకోవైపు వ్యతిరేకించే సంఘాల యాత్రలు, నివేదికలు. రెండు వైపులా వరంగల్ చేలనే సాక్ష్యంగా చూపించుకున్నాయి. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్ దాకా వెళ్లి కొట్లాడాకే 1,600 రూపాయలు దాటిన ప్యాకెట్ ధర 750కి దిగింది.

అమెరికా మానవశాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ మన జిల్లా ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగి, 2007లో ఒక పరిశోధన ప్రచురించాడు. వరంగల్ పత్తి రైతులు విత్తనాన్ని తమ చేలో పరీక్షించి ఎంచుకోవడం తగ్గిందని, ఒక ఊళ్లో ఒక ఏడాది ఒకే రకం అందరూ ఎగబడి కొనడం, మరుసటేడు దాన్ని వదిలేసి ఇంకోదాని వెంట పడటం కనిపిస్తోందని, ఆ ఎగబాటుకు పంట పరంగా కారణం దొరకడం లేదని చెప్పాడు. దీన్ని రైతు తెలివితక్కువతనంగా చదివితే పొరపాటు. పేర్లు ఏటా మారిపోతుంటే, ప్యాకెట్ల సంఖ్య వందల్లో ఉంటే, ఎవరైనా పక్కవాణ్ని చూసే నడుస్తారు. 2024 మే నెలలో ఆదిలాబాద్‌లో ఒకే ఒక్క రకం పత్తి విత్తనం కోసం రైతులు షాపుల ముందు పొద్దటి నుంచి బారులు తీరి, పోలీసులు రావాల్సి వచ్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్యాకెట్ దొరకదన్న మాట ఒక్కటే జనాన్ని అంత దూరం నడిపింది.

ఇలాంటి చోట 'పక్క ఊరంతా పాతదే పెడుతున్నరు' అన్న మాట మామూలు ప్రకటన లాగా పోయి గోడ మీద ఆగదు. నేరుగా చేలోకి వెళ్తుంది.

రెండు కాగితాలూ పట్టుకుని యార్డుకు

ఏప్రిల్‌లో ఎనుమాముల మార్కెట్ మిర్చి బస్తాలతో నిండి ఉంటుంది. కాంటా అయ్యేదాకా రైతులు షెడ్ల కింద కూర్చుని ఉంటారు. వాళ్లలో పత్తి పెట్టేవాళ్లు చాలామంది. కంపెనీ వాళ్లకు జవాబు చెప్పే ముందు రెండు కరపత్రాల నమూనాలూ ప్రింట్ తీసుకుని మా కుర్రాడితో కలిసి అక్కడికి వెళ్లాను. అడిగింది రెండే ప్రశ్నలు: ఇది ఎవరు పంచారనుకుంటున్నారు? చదివాక ఏం చేయాలనిపిస్తోంది?

రంగుల కరపత్రం చూడగానే ఒక పెద్దాయన నవ్వి, 'ఇది కంపెనోళ్లదే. వాళ్ల కాయ వాళ్లకు ముద్దే గద సారూ. ఇండ్ల సగం తీసేసి చూడాలె' అన్నాడు. పక్కనున్నవాళ్లు తలూపారు. ఒకాయన ఎకరాకు ఎన్ని క్వింటాళ్లన్న అంకె మీద వేలు పెట్టి, అది నీళ్ల పొలం లెక్క అయి ఉంటుందని, వానకు పండే చేనుకు రాదని చెప్పాడు. ఎవరు మాట్లాడుతున్నారో తెలియడంతో మాటలో ఎంత తీసేయాలో కూడా వాళ్లకు తెలిసింది.

ఆకుపచ్చ కాగితం దగ్గర నవ్వులు లేవు. శ్రద్ధగా చదివారు, చదవలేనివాళ్లు చదివించుకున్నారు. 'అగ్రికల్చరోళ్లు పంచింది గావచ్చు. ఏఈవో సారు గిట్లనే చెప్తడు' అన్నారు. ఏఈవో అంటే వ్యవసాయ విస్తరణ అధికారి. రైతు సంఘం వాళ్లదేమో అని ఒకరు. విత్తనం కంపెనీదేమో అన్న అనుమానం నేను అడిగినవాళ్లలో ఒక్కరికీ రాలేదు.

'మరి ఏం చేస్తవు కాకా?' అని అడిగితే ఒకాయన, 'ఏముంది, కొత్తది పెట్ట. కొత్తయన్ని నకిలియే అని రాసిండ్రు గద' అన్నాడు.

కాగితంలో అలా ఎక్కడా రాయలేదు. నకిలీ ఒక వాక్యం, కొత్త పేరు దాని తర్వాతి వాక్యం. రెండింటినీ అతుకు పెట్టే పని చదివేవాడి మనసుకు వదిలేశారు, అది అతికింది. లైసెన్సు ఉండి, పరీక్షలు దాటి, చట్టబద్ధంగా అమ్ముతున్న పోటీ కంపెనీ విత్తనం ఒక్క దెబ్బకు దొంగ విత్తనం పక్కన చేరిపోయింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా ఆ రైతు చేతిలో ఉన్నది అబద్ధమే.

నాకు ఇంకో తేడా కూడా అక్కడే కనిపించింది. వ్యవసాయ శాఖ నకిలీ విత్తనాల మీద వేసే పోస్టర్ ఏం చెబుతుంది? లైసెన్సున్న డీలర్ దగ్గరే కొనండి, బిల్లు అడిగి తీసుకోండి, బిల్లు మీద లాట్ నంబరు (విత్తనం ఏ బ్యాచ్‌దో చెప్పే నంబరు) రాయించుకోండి, గడువు తేదీ చూడండి, విత్తాక ఖాళీ ప్యాకెట్ పారేయకండి. చదివినవాడి చేతికి ఒక పని ఇస్తుంది. ఆ పని ఏ కంపెనీ విత్తనానికైనా పనికొస్తుంది, మనసు మార్చుకోవడానికి చోటు ఉంచుతుంది. మా ఆకుపచ్చ కాగితంలో అలాంటిది ఒక్కటి కూడా లేదు. భయం ఉంది, భయపడి ఎటు పారిపోవాలో ఉంది, మధ్యలో ఆగి సరిచూసుకోవడానికి ఏమీ లేదు.

గీత ఎక్కడ

ప్రకటన వస్తువులు అమ్ముతుంది, ప్రాపగాండా భావాలు అమ్ముతుంది అని చాలామంది చెబుతారు. మా అనుభవంలో ఆ గీత నిలబడదు. బంగారం షాపు ప్రకటన అమ్మేది ముందు కూతురి పెళ్లి గురించిన ఒక భావాన్ని. ప్రకటన నిజం, ప్రాపగాండా అబద్ధం అన్నదీ నిలబడదు, పైన చూశాం కదా. ప్రాపగాండా అంటేనే చెడ్డది అనడానికి కూడా నాకు మనసొప్పదు. పల్స్ పోలియో రెండు చుక్కల ప్రచారం ఊరూరా, మైకుల్లో, గోడల మీద, సినిమా తారల నోటితో ఏళ్ల తరబడి నడిచింది. జనం ఆలోచనను ఒకే వైపు తిప్పడానికి చేసిన పనే అది. 2014 మార్చిలో దేశం పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద పాడినవాళ్లు ఏ పక్షమో దాచుకోలేదు. ఎవరు పాడుతున్నారో, ఎందుకు పాడుతున్నారో తెలిసే జనం వచ్చారు, తెలిసే వెంట నడిచారు.

నా మటుకు మొదట చూసేది మాట్లాడేవాడు కనబడుతున్నాడా అని. రెండోది, విన్నవాడు నష్టపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుస్తుందా అని. పేరున్న ప్రకటన వెనక ఒక బిల్లు ఉంటుంది, ఒక లాట్ నంబరు ఉంటుంది, ఒక చిరునామా ఉంటుంది. 2012లో సుప్రీంకోర్టు జాతీయ విత్తన సంస్థ కేసులో, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, మొలవని విత్తనానికి వినియోగదారుల ఫోరంలో పరిహారం అడగొచ్చని తేల్చి చెప్పింది. ఆ కేసులోని రైతులు అప్పటి ఆంధ్రప్రదేశ్ వాళ్లే. కంపెనీ చెప్పిన మాట నమ్మి కొంటే, ఆ మాట మీద నిలదీయడానికి దారి ఉంది. 'మీ శ్రేయోభిలాషులు' మాట నమ్మి మంచి విత్తనాన్ని వదులుకున్న రైతు ఏ ఫోరంకు వెళ్తాడు? వదులుకున్న పంటకు బిల్లు ఉండదు.

ఈ ఎత్తు కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన 1917లో అమెరికా ప్రభుత్వం ఒక ప్రచార కమిటీ పెట్టింది. సినిమా హాళ్లలో రీలు మార్చే నాలుగు నిమిషాల్లో లేచి యుద్ధం గురించి మాట్లాడటానికి దాదాపు 75 వేల మంది వాలంటీర్లను తయారు చేసింది. ప్రేక్షకులకు వాళ్లు తమ ఊరి మనుషులే, మాట్లాడే విషయాలు మాత్రం వాషింగ్టన్ నుంచి వచ్చేవి. ఆ కమిటీలో పని చేసిన ఎడ్వర్డ్ బెర్నేస్ తర్వాత కంపెనీల వైపు వచ్చాడు. 1929 ఈస్టర్ రోజున న్యూయార్క్ వీధిలో యువతులు సిగరెట్లు వెలిగించుకుంటూ నడిచారు. పత్రికలు దాన్ని స్త్రీల స్వేచ్ఛ కోసం చేసిన ప్రదర్శనగా రాశాయి. వెనక ఉన్నది ఒక పొగాకు కంపెనీ, ఏర్పాటు బెర్నేస్‌ది. కంపెనీ పేరు ముందే తెలిసి ఉంటే అది ఒక మామూలు సిగరెట్ ప్రకటన. మాకొచ్చిన వాయిస్ మెసేజ్ స్క్రిప్టు ఆ నాలుగు నిమిషాల మనిషికి వారసురాలే, ఆకుపచ్చ కాగితం ఆ ఊరేగింపుకు.

చట్టం ఏం చెబుతుంది

మా పనిలో ఒక వింత ఉంది. ఎన్నికల కాలంలో ఏ చిన్న కరపత్రం వేసినా ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ కింద ముద్రించిన ప్రెస్ పేరు, వేయించినవాళ్ల పేరు, చిరునామా ఉండి తీరాలి. వేయించినవాడు ఇద్దరు సాక్షులతో డిక్లరేషన్ ఇవ్వాలి, కాపీ అధికారులకు వెళ్లాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు. టీవీలో, కేబుల్‌లో రాజకీయ ప్రకటన వేయాలంటే ముందుగా కమిటీ సర్టిఫికెట్ కావాలి. 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ ఆదేశం మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు నుంచి వెళ్లిన కేసులోదే. అంటే ప్రాపగాండా అని అందరూ ఒప్పుకునే చోట పేరు వేయాల్సిందే, ఆ పద్ధతి మా ప్రెస్ కుర్రాళ్లకు కూడా అలవాటే. అదే ప్రెస్‌లో అదే మిషన్ మీద మే నెలలో విత్తనం కాగితం వేస్తే పేరు సంగతి అడిగేవాళ్లు కనిపించరు.

అలాగని చట్టం పూర్తిగా ఊరుకోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఒక వస్తువును మెచ్చుకునేవాడికి కంపెనీతో లావాదేవీ ఉంటే, ఆ సంబంధం మాట విలువను మార్చేదైతే, వినేవాళ్లు ఊహించనిదైతే, దాన్ని బయటపెట్టాలని చెబుతున్నాయి. అంటే ఉచితంగా ప్యాకెట్లు తీసుకుని ఫీల్డ్ డేలో (చేను దగ్గరికి రైతులను పిలిచి పంట చూపించే సభలో) మాట్లాడే రైతు కూడా ఈ లెక్కలోకి రావొచ్చు. ఈ ముక్క మా జిల్లాల్లో చాలామంది ఏజెన్సీల వాళ్లకు తెలియదు, తెలియాలి.

బేరం

డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేసి రమ్మన్నాను. యార్డులో విన్నది విన్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు విని, 'అది నీకు తప్పు లెక్క కనిపిస్తుంది. నాకు పని చేసినట్టు కనిపిస్తుందన్నా' అన్నాడు. నిజమే, ఆయన వైపు నుంచి చూస్తే ఆ కాగితం అనుకున్నదానికన్నా బాగా పని చేసింది.

'పేరు పెట్టి వేద్దాం' అన్నాను.

'పేరు పెడితే ఎవడు నమ్ముతడన్నా?'

ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట అదే. పేరు పెడితే నమ్మరని ముందే తెలిసి పేరు తీసేస్తున్నామంటే, వేరేవాళ్ల నమ్మకాన్ని వాడుకుంటున్నట్టే. ఇక్కడ వాడుకునేది రైతు వేదికలో కూర్చుని ఎండలో తిరిగే ఏఈవో మీదున్న నమ్మకం. ఆయన రేపు నిజంగా నకిలీ విత్తనాల గురించి కాగితం పంచితే, ఇది కూడా ఏ కంపెనీదో అని రైతు పక్కన పడేసే రోజు వస్తుంది. ఈ మాట డిస్ట్రిబ్యూటర్‌తో గట్టిగానే అన్నాను. ఆయనా రైతు ఇంటి నుంచి వచ్చినవాడే. కానీ ఆయన్ను కదిలించింది ఈ మాట కాదు. పోటీ కంపెనీ ఫిర్యాదు చేస్తే కాగితం ఎవరు వేయించారో ప్రెస్ నుంచి బయటికి రావడం ఎంతసేపని అడిగాను. అప్పుడు మార్కెటింగ్ ఆఫీసర్‌కు ఫోన్ కలిపాడు.

చివరికి చేసింది

ఆకుపచ్చ కరపత్రం వేయాలన్న ఆలోచన ఉంచి, అందులో ఉన్నవన్నీ మార్చాం. నాగలి ముద్ర తీసేశాం, అది చూడటానికి ప్రభుత్వ ముద్రలా ఉంది. ఎండిన చేను ఫొటో కూడా తీసేశాం, అది ఎక్కడిదో, ఏ విత్తనంతో ఎండిందో ఎవరూ చెప్పలేకపోయారు. కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో కాకుండా పైనే, హెడ్డింగుకు ముందే వేశాం: 'ఈ కాగితం ఫలానా విత్తన కంపెనీ ఖర్చుతో వేసింది.' లోపల ముప్పాతిక వంతు ప్యాకెట్ ఎలా చూసుకోవాలో రాశాం. లాట్ నంబరు ఎక్కడ ఉంటుంది, బిల్లు మీద ఏమేం ఉండాలి, ఖాళీ ప్యాకెట్ ఎందుకు దాచుకోవాలి, కనీసం 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిసేదాకా ఎందుకు ఆగాలి. మిగిలిన పావు వంతులో తమ హైబ్రిడ్ గురించి నేరుగా చెప్పుకున్నారు: ఏ నేలకు బాగుంటుంది, ఏ నేలకు వద్దు. 'వద్దు' అన్న మాట వేయించడానికి చాలా బతిమాలాల్సి వచ్చింది. చెల్క భూములకు ఇది సరిపడదని ఒక్క వాక్యం పడింది. ఎకరా దిగుబడి అంకె పక్కన 'నీటి వసతి ఉన్న చేను' అని చేర్చాం, అది యార్డులో రైతు పట్టుకున్న లోపమే.

ఫీల్డ్ డేలో మాట్లాడిన రైతు తనకు ప్యాకెట్లు ఉచితంగా ఇచ్చారని మైకులో మొదటే చెప్పాడు. జనం నవ్వారు, తర్వాత ప్రశ్నలు అడిగారు. ఎరువు ఎంత వేశావు, ఎన్నిసార్లు మందు కొట్టావు, గులాబీ రంగు పురుగు వచ్చిందా లేదా. ఇంతకు ముందు చేసిన ఫీల్డ్ డేల్లో భోజనాల మీదే చూపు ఉండేది, ఈసారి ప్రశ్నలే ఎక్కువ సేపు నడిచాయి.

ఏం జరిగింది

అమ్మకాలు పెరిగాయని చెప్పలేను. డిస్ట్రిబ్యూటర్ మాటల్లో 'పోయినేటి లెక్కనే' పోయింది, కొత్త రకమూ దాని వాటా అది తీసుకుంది. ఖర్చు చేసినవాడి కోణంలో ఇది గెలుపు కాదు, దాన్ని గెలుపుగా చూపించాలని నాకూ లేదు.

అసలు ఫలితం జూన్ చివర్లో కనిపించింది. తొలకరికే తొందరపడి విత్తిన ఊళ్లలో తర్వాత వాన మొహం చాటేసింది. చాలా చోట్ల మొలక సరిగా రాలేదు. అన్ని కంపెనీల విత్తనాలకూ ఆ దెబ్బ తగిలింది. మా క్లయింటు విత్తనం పెట్టిన రైతులు కొందరు డీలర్ దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో బిల్లు, ఖాళీ ప్యాకెట్‌తో పాటు ఆ కరపత్రం కూడా ఉంది. పట్టాదారు పాస్‌బుక్ కవర్లో మడిచి పెట్టుకున్నారు. పైన కంపెనీ పేరు, కింద నంబరు ఉన్నాయి కాబట్టి ఆ నంబరుకు ఫోన్లు వెళ్లాయి. కంపెనీ మనిషి చేలకు రాక తప్పలేదు. కొందరికి మళ్లీ ప్యాకెట్లు ఇచ్చారు. కొందరికి ఇవ్వలేదు, వాన చాలకముందే విత్తారని కరపత్రంలోని వాక్యాన్నే చూపించారు. దాని మీద ఒక ఊళ్లో గట్టి వాదనే జరిగిందట. ఆ వాదన జరగడం నాకు మంచిదనిపించింది. రెండు వైపులా పట్టుకోవడానికి ఒక కాగితం ఉంది, దాని మీద ఒక పేరు ఉంది.

ఈ కేసు పట్టుకోనివి

పరకాల సెంటర్‌లో షాపుల ముందు కూర్చుంటే ఒకటి అర్థమవుతుంది. చాలామంది రైతులకు విత్తనం ఎంచుకునే వీలే లేదు. విత్తనం, ఎరువు, మందు అన్నీ ఉద్దెర మీద తెచ్చుకునే రైతు షాపాయన ఏది చేతిలో పెడితే అదే పట్టుకుపోతాడు. ఆ షాపాయనకు ఏ కంపెనీ ఎక్కువ మార్జిన్ ఇస్తే, ఏ కంపెనీ టూర్‌కు పంపితే, ఆ ప్యాకెట్ ముందుకొస్తుంది. మేము గోడల మీద రాసేదంతా నగదు పెట్టి కొనగలిగిన వాళ్ల కోసమే. పేరున్న ప్రకటన మంచిదని నేను ఎంత చెప్పినా, అది ఎంపిక ఉన్నవాడికే పనికొస్తుంది.

కలుపు మందును తట్టుకునే పత్తి సంగతి ఇంకో రకం. ప్రభుత్వ అనుమతి లేని ఆ విత్తనానికి ప్రకటన వేసే వీలే లేదు. ఫ్లెక్సీ లేదు, బిల్లు లేదు, ప్యాకెట్ మీద నిజమైన పేరు లేదు. లూజుగా సంచుల్లో వస్తుంది. అయినా కూలీల ఖర్చు తగ్గుతుందన్న ఒక్క మాట చెవులు మారుతూ ఊళ్లు దాటుతోంది. కలుపు కూలీ దొరకని బాధ నిజం కాబట్టే ఆ మాటకు అంత బలం. దాని మీద మాలాంటి వాళ్లం చేయగలిగింది తక్కువ, వ్యవసాయ శాఖ ఆ బాధను ఒప్పుకుని మాట్లాడితే కొంత వింటారు. ఉట్టి హెచ్చరికలు ఎవరూ వినడం లేదు.

ఆ సీజన్ నుంచి మా కొటేషన్ ఫారంలో ఒక గడి పెరిగింది: 'కాగితం మీద ఎవరి పేరు, ఎక్కడ, ఎంత సైజులో'. అది ఖాళీగా ఉంటే డిజైన్ మొదలుపెట్టం. ఇంటర్ కాలేజీల ర్యాంకుల ఫ్లెక్సీలకు, ఆసుపత్రుల 'ఉచిత ఆరోగ్య అవగాహన' కాగితాలకు కూడా అదే గడి. దాని వల్ల కొన్ని పనులు పోయాయి. ఎక్కువగా పోయినవి అవగాహన పేరుతో వచ్చినవే.

ఆ డిస్ట్రిబ్యూటర్ మళ్లీ వచ్చాడు, ఈసారి పురుగు మందుల కరపత్రం కోసం. గడిలో కంపెనీ పేరు తనే నింపాడు, ఫోన్ నంబరు సైజు పెంచమని కూడా అడిగాడు. వాట్సాప్ పని మాత్రం మాకు ఇవ్వలేదు. హైదరాబాద్‌లో ఎవరికో ఇచ్చారట. ఆ నెలలోనే మా బంధువుల ఊరి గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది: 'అన్నలారా, నేను ఫలాన ఊరి రైతును...' ఆ ఊరు నాకు తెలుసు, ఆ గొంతు అక్కడి యాస కాదు. గ్రూపులో అదే రాసి, బిల్లు, లాట్ నంబరు చూసుకోమని ఆకుపచ్చ కాగితం స్థానంలో మేము వేసిన కరపత్రం ఫొటో పెట్టాను, పైన ఉన్న కంపెనీ పేరుతో సహా.